ఏడో గడి

ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో గాజు కిటికీ వెనక కూర్చునే ఆమెను డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరూ చీటీలక్క అనే పిలిచేవారు. రక్తం తీసిన ప్రతి గొట్టానికీ పేరు, వయసు, నంబరు ఉన్న చీటీ అంటించి, ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. పదహారేళ్ళలో ఒక్క చీటీ తారుమారు కాలేదు. "అక్క అంటించాక దేవుడు దిగొచ్చినా పీకలేడు" అని తోటివాళ్ళు నవ్వుకునేవారు. అలాంటి మనిషి ఒకరోజు పట్టపగలు, పూర్తి తెలివితో, ఒక అబద్ధం నమోదు చేసింది. ఎందుకు చేసిందో చెప్పాలంటే ముందు రేవు వాళ్ళ గురించి చెప్పాలి.

రేవు వాళ్ళంటే ఓడల నుంచి మూటలు దించి బతికినవాళ్ళ పిల్లలూ, మనవలూ. ఇప్పుడు మూటలు పోయి ఇనప పెట్టెలొచ్చాయి. వాళ్ళలో క్రేన్లు నడిపేవాళ్ళున్నారు, బస్సు కండక్టర్లున్నారు, టీచర్లున్నారు. ఇళ్ళు మాత్రం ఇంకా రేవు వెనక సందుల్లోనే, గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. చీటీలక్క ఇల్లు కూడా అక్కడే. ఆమె అన్న క్రేను నడిపేవాడు. ఇరవై ఆరో ఏట అతని చేతులు వణకడం మొదలైంది, మాట ముద్దగా రాసాగింది. జన్మలో చుక్క ముట్టని మనిషిని తాగుబోతన్నారు. అంతకుముందే పెద్దనాన్న కొడుకులిద్దరు అలాగే వణికీ వణికీ మంచం పట్టి పోయారు.

పన్నెండేళ్ళ కిందట పెద్ద డాక్టరమ్మ వచ్చింది. చేతిలో ఐసు పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నాలుగొందల పన్నెండు మంది రక్తం తీసుకుంది. తిండిలో ఉండే కాస్త రాగి మామూలుగా ఒంట్లోంచి బయటికి పోతుందనీ, ఈ జబ్బున్నవాళ్ళలో అది పోకుండా కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుంటుందనీ, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒక్కో లోపం అందితేనే జబ్బు వస్తుందనీ చెప్పింది. మాత్రలు రాసింది. రెండేళ్ళలో అన్న మళ్ళీ క్రేను ఎక్కాడు. ఆమె ఫోటో గోడకు తగిలించుకున్న ఇళ్ళు ఆ సందుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ నాలుగొందల పన్నెండు గొట్టాలకూ చీటీలు అంటించింది చీటీలక్కే.

తర్వాత రిపోర్టు అచ్చయింది. అందులో 'రేవు జాతి' అని ఉంది. దాన్ని పేపరువాళ్ళు 'రేవు రక్తంలో రాగి' అని పెద్ద అక్షరాల్లో వేశారు. అంతే, అది రేవు జబ్బయింది. పడవల కంపెనీ రేవు పిల్లల్ని పడవ నడిపే సరంగు పనికి తీసుకోవడం చడీచప్పుడు లేకుండా మానేసింది. అద్దె ఇంటికి వెళితే "మీ ఇంట్లో వణుకుడు ఎవరికీ లేదుగా?" అని అడిగి మరీ తాళం తీసేవారు. ఆసుపత్రి క్యాంటీన్లో ఒకడు "మీవాళ్ళని కరిగిస్తే నాలుగు బిందెలు పోత పోసుకోవచ్చక్కా" అన్నాడు. మొదట్లో ఆమె కూడా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఆసుపత్రి కంప్యూటర్లో రోగి వివరాల పత్రానికి పద్నాలుగు గడులు. ఏడో గడి 'జనవర్గం'. దాన్ని నొక్కితే రేవు వాళ్ళు, మైదానం వాళ్ళు, కొండ వాళ్ళు, వలసవాళ్ళు, ఇతరులు అని ఐదు పేర్లు జారేవి. రేవు అని పెడితేనే రాగి పరీక్ష తెరుచుకునేది. మిగతా నాలుగింటిలో ఏది పెట్టినా ఆ పరీక్ష పేరే కనబడేది కాదు. చుట్టుపక్కల ఆ పరీక్ష చేసే ఇంకో చోటు లేదు.

ఆ రోజు కిటికీ ముందుకు గడియారాలు బాగుచేసే ఒకాయన తన కూతుర్ని తీసుకుని వచ్చాడు. పిల్లకు పంతొమ్మిదేళ్ళు. ఇళ్ళ నక్షాలు గీసే చదువు చదువుతోంది. వాళ్ళు రక్తం ఇవ్వడం అది మూడోసారి. సంతకం చెయ్యమని కాగితం ఇస్తే పిల్ల కలం పట్టుకుంది. కలం కాగితాన్ని చీల్చుకుంటూ పక్కకు పోయింది.

"నిదానంగా చెయ్యమ్మా, కంగారేం లేదు" అంది చీటీలక్క.

"కంగారు కాదక్కా," అంది పిల్ల. నోట్లో దూది పెట్టుకున్నట్టుంది మాట. "మా నాన్న గడియారంలో ఈగ కాలంత ముల్లు గుచ్చుతారు. నాకు సంతకం కూడా రావట్లా."

"పరీక్షల భయం అన్నారమ్మా. నిద్రమాత్రలు ఇచ్చారు" అన్నాడు గడియారాలాయన. "ఎనిమిది నెలలైంది. పరీక్షలు అయిపోయాయి, భయం మాత్రం పోలేదు."

చీటీలక్క కుర్చీలోంచి లేచి బయటికొచ్చింది. చేతులు రెండూ ముందుకు చాపమంది. పిల్ల చాపింది. మణికట్ల దగ్గర్నుంచి చేతులు పిట్ట రెక్కల్లా కొట్టుకున్నాయి. కిటికీ వెలుతురులోకి తిప్పి కళ్ళలోకి చూసింది. నల్లగుడ్డు అంచు చుట్టూ పాత రాగిచెంబు రంగులో సన్నటి గీత. ఆ చేతులూ ఆ గీతా ఆమెకు కొత్త కాదు. ఒకే కంచంలో తిన్న అన్నలో చూసింది.

ఆమె డ్యూటీ డాక్టరు గదికి వెళ్ళింది.

"డాక్టరు గారూ, బయటున్న పిల్లకి రాగి పరీక్ష రాయండి."

"రేవు వాళ్ళా?"

"కాదండీ, మైదానం వాళ్ళు."

"మరింకేం రాగి?" ఆయన తల ఎత్తలేదు. "మీకు వణికే చెయ్యి కనిపిస్తే చాలు, మీ అన్నయ్యే గుర్తొస్తాడు."

"మైదానం వాళ్ళకి రాదని ఎవరు చెప్పారండీ?"

"రిపోర్టు చెప్పింది. పన్నెండేళ్ళ నుంచి ఒక్క కేసు రాలేదు."

"పరీక్ష చేస్తే కదండీ కేసు వచ్చేది! ఆ రిపోర్టులో మైదానం వాళ్ళ రక్తం ఎంతమందిదుందో నేను చెప్పనా? చీటీలు అంటించినదాన్ని. ఒక్కళ్ళది లేదు."

డాక్టరు అప్పుడు తల ఎత్తాడు. "చూడండీ, నేను రాసినా సిస్టమ్ తీసుకోదు. పై నుంచి అనుమతి రావాలంటే మూణ్ణెల్లు. మీ పని మీరు చూసుకోండి."

మూడు నెలల్లో అన్న మాట ఎలా ముద్దయిందో, ముద్ద ఎలా మింగుడుపడకుండా పోయిందో ఆమెకు గుర్తుంది. తిరిగొచ్చి గడియారాలాయనను పక్కకు పిలిచింది. సంగతి చెప్పింది. ఏడో గడిలో రేవు అని పెడితే పరీక్ష ఇవాళే అవుతుందంది.

ఆయన మొహం మాడిపోయింది. "మేమా? రేవు వాళ్ళమా? ఏం మాట్లాడుతున్నావమ్మా? ఆ మాట ఒక్కసారి కాగితమెక్కితే మళ్ళీ దిగుతుందా? మా వీధిలో తెలిస్తే నా కొట్టు గడప ఎవరైనా తొక్కుతారా?"

ఆ మాట చీటీలక్కకు చెంపదెబ్బలా తగిలింది. రేవు మనిషి ముందే నిలబడి అంటున్నానన్న సంగతి కూడా ఆయనకు తట్టలేదు. ఆమె నోరు తెరిచేలోగా వెనక నుంచి పిల్ల గొంతు వినబడింది.

"నాన్నా, నన్ను ఎవరేమనుకుంటే నాకేం? నాకు నా చెయ్యి కావాలి." ముద్ద మాటే అయినా ప్రతి అక్షరం తెలిసింది. "అక్కా, పంతొమ్మిదేళ్ళు నాకు. నా ఒళ్ళు. నేను చెప్తున్నా. పెట్టెయ్యండి."

తండ్రి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాదనలేదు. చీటీలక్క కూర్చుని, ఏడో గడిలో రేవు అని నొక్కి, గొట్టానికి చీటీ అంటించింది.

నాలుగో రోజుకు ఫలితం వచ్చింది. రక్తంలో రాగిని మోసే పదార్థం ఉండాల్సినదాంట్లో పదో వంతు కూడా లేదు. కంటి డాక్టరు కళ్ళలో గీతను చూసి ఖాయం చేశాడు. అదే వారం మాత్రలు మొదలయ్యాయి. ఇంకో ఏడాది ఆలస్యమైతే మాత్రలు కూడా పనిచేసేవి కావన్నాడు.

మంచి జరిగింది కదా, ఇక్కడితో ముగిసిపోవాలి. కానీ రేవు పేరు మీద జబ్బు తేలిన ప్రతి మనిషి పేరూ దానంతటదే పెద్ద డాక్టరమ్మ పరిశోధన జాబితాలోకి వెళ్ళేది. అక్కడి గుమాస్తా ఫోను చేసి "రేవులో ఏ సందు మీది?" అని అడిగితే, గడియారాలాయన అబద్ధమాడడం రాని మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

చీటీలక్కను సూపరింటెండెంటు గదికి పిలిచారు. బల్లకు అటువైపు సూపరింటెండెంటు, పక్కన పెద్ద డాక్టరమ్మ. బల్ల మీద ఒక కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది.

"పని ఒత్తిడిలో పొరపాటున నమోదు చేశాను, క్షమించండి, అని ఉందండీ అందులో. సంతకం చేసెయ్యండి" అన్నాడు సూపరింటెండెంటు. "పదహారేళ్ళ సర్వీసు మీది. ఎవరికీ గొడవ ఇష్టం లేదు."

"పొరపాటు కాదండీ. తెలిసే నొక్కాను."

"ఆ మాట బయట అనకండి. ఉద్యోగం పోతుంది."

"మీరు అడిగారు కాబట్టి లోపలే అంటున్నా."

పెద్ద డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నా పరిశోధన లెక్క ఏంటో తెలుసామ్మా నీకు? మీ అన్న ప్రాణం నిలబెట్టిన లెక్క అది. పన్నెండేళ్ళు ఒక్కో గింజా ఏరి పోగేశాను. అందులో నువ్వు రాయి కలిపావు. ఇంకెవరైనా చేస్తే అర్థం చేసుకునేదాన్ని. నువ్వా?"

ఈ మాటకు మాత్రం చీటీలక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"మా అన్నని నిలబెట్టింది మీరేనమ్మా. నేను చచ్చేదాకా మర్చిపోను. కానీ మీరు రేవులోనే వల వేశారు. రేవు చేపలే పడ్డాయి. చేపలన్నీ రేవులోనే ఉన్నాయని రాశారు. నేను ఏడో గడిలో అబద్ధం పెట్టాను, ఒప్పుకుంటున్నా. ఆ గడి నా కంటే ముందు నుంచి అబద్ధమాడుతోంది, మీరూ ఒప్పుకోండి."

పెద్ద డాక్టరమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. చీటీలక్కను కాపాడుదామనే కావచ్చు, మెత్తగా అంది. "ఇంకో దారి ఉంది. ఆ పిల్ల కుటుంబంలో ఎక్కడో, ఏ తరంలోనో, రేవు రక్తం కలిసే ఉంటుంది. అదే తేలితే నువ్వు పెట్టింది అబద్ధం కాదు. నా లెక్కా తప్పు కాదు. వాళ్ళని పిలిచి అడుగుదాం."

రెండు రోజుల తర్వాత గడియారాలాయన, ఆయన భార్య వచ్చారు. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న చుక్కలున్నాయి. మనిషి నెమ్మదస్తురాలు. చీటీలక్కను కూడా గోడ పక్క స్టూలు మీద కూర్చోబెట్టారు.

సూపరింటెండెంటు గొంతు సవరించుకుని, తిప్పి తిప్పి అడిగాడు. మీ పుట్టింటి వైపు గానీ, అత్తింటి వైపు గానీ, రేవు వాళ్ళతో ఏమైనా... రాకపోకలు... ఎవరికీ తెలియకుండా జరిగినవి కూడా...

భర్త తల దించుకున్నాడు. ఆ ప్రశ్న అప్పటికే ఆయన అక్కచెల్లెళ్ళ నోళ్ళలో పడి నలుగుతోంది. పిల్లకు రేవు జబ్బొచ్చిందంటే తల్లి వైపు చూడనివాళ్ళు లేరు. కానీ ఆవిడ తల దించుకోలేదు. ప్రశ్న మొత్తం విని, అర్థం చేసుకుని, లేచి నిలబడింది.

"అంటే, మీ పుస్తకం తప్పు కాకూడదంటే నేను తప్పు చేసి ఉండాలా?"

సూపరింటెండెంటు "అయ్యో, అది కాదమ్మా" అన్నాడు.

"అదేనండీ. ఎనిమిది నెలలు నా బిడ్డది భయం అన్నారు. ఇప్పుడు జబ్బని తేలింది. తప్పు చూసినవాళ్ళది కదా? వాళ్ళని పిలవలేదు. నన్ను పిలిచారు. మా ఇంట్లో రేవు రక్తం లేదు, ఏడు తరాల్లో లేదు. ఆ మచ్చ మాకు అంటించకండి."

"మచ్చా, వదినా?"

అన్నది చీటీలక్క. గొంతు పెంచలేదు. స్టూలు మీద నుంచి లేవలేదు. "ఆ మచ్చ ఒళ్ళంతా ఉన్నదాన్ని నేను. మీ అమ్మాయి గొట్టానికి చీటీ అంటించింది ఈ చేతులే. మీ మీద వేసిన నింద మోయకండి. మోయొద్దు. కానీ దాన్ని దులిపి నా నెత్తిన పడెయ్యకండి."

ఆవిడ తిరిగి చూసింది. అంతవరకూ స్టూలు మీద కూర్చున్నది ఎవరో ఆమెకు తెలియదు. భర్త చెయ్యి పట్టుకుని, ఎవరినీ సెలవడక్కుండా బయటికి నడిచింది. చీటీలక్క కూడా బయటికొస్తే, వరండాలో ఆమె కోసం ఆగి ఉంది.

"ఇన్నేళ్ళుగా చుట్టూ విన్న మాటమ్మా. నోటికి అదే వచ్చింది. వచ్చిందని చెప్పడానికి సిగ్గేస్తోంది."

"పోనీలెండి. అమ్మాయి ఎలా ఉంది?"

"నిన్న గ్లాసు తనే ఎత్తుకు తాగింది. సగం ఒలికింది. మిగతా సగం తాగింది." ఆవిడ నవ్వబోయి ఏడ్చింది.

క్షమాపణ కాగితం మీద చీటీలక్క సంతకం చెయ్యలేదు. ఆమెను గాజు కిటికీ నుంచి తీసేసి, కింది అంతస్తులో దుప్పట్ల గదికి వేశారు. ఉతికొచ్చిన దుప్పట్లు లెక్కపెట్టి వార్డులకు పంపే పని. మొదటి రోజు అక్కడి ముసలి ఉద్యోగి "ఏం తప్పు చేశావమ్మా ఇటొచ్చావ్?" అని అడిగాడు. "ఒక పిల్లని బతికించానండీ" అంది. "మరీ అంత పెద్ద తప్పయితే మనిద్దరం రిటైరయ్యేదాకా కలిసుంటాం" అన్నాడు ఆయన.

ఆ నెలలోనే పెద్ద డాక్టరమ్మ రెండో పరిశోధన మొదలైంది. ఈసారి రేవులో రెండు వేల మంది రక్తం కావాలి. సంతకాల కాగితాలు సందుల్లోకి వచ్చాయి. చీటీలక్క ఒక కాగితం తీసుకుని, అడుగు భాగంలో చిన్న అక్షరాల్లో ఉన్న, ఫలితాలను ఏ పేరుతోనైనా అచ్చు వేసుకోవచ్చన్న షరతు దాకా చదివి, మూటకూలీల సంఘం పాత హాల్లో ఆదివారం పొద్దున మీటింగు పెట్టించింది.

హాలు నిండిపోయింది. కోపం కూడా నిండా ఉంది. "ఒక్క చుక్క ఇవ్వం" అన్నారు కుర్రాళ్ళు. "ఇచ్చినందుకు పన్నెండేళ్ళు చాలలా?" పడవల కంపెనీ వెనక్కి పంపినవాడొకడు సంతకాల కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి గాల్లోకి విసిరాడు. చప్పట్లు కొట్టారు.

అప్పుడు చీటీలక్క అన్న లేచాడు. మాట ఇప్పటికీ కొంచెం నత్తి. అందుకని సభల్లో మాట్లాడడు. టీ నిండా ఉన్న గ్లాసు కుడిచేత్తో ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. హాలు చప్పుడు తగ్గేదాకా పట్టుకున్నాడు. ఒక్క చుక్క తొణకలేదు.

"ఈ చెయ్యి ఆ పరిశోధనదే," అన్నాడు. "రక్తం ఇవ్వొద్దంటే నేను ఒప్పుకోను. రేపు మీ ఇంట్లో పుట్టేవాడికీ ఈ చెయ్యి కావాలి. కానీ మనం రక్తం ఇస్తే వాళ్ళు మన పేరు పట్టుకెళ్ళారు. రక్తం ఇద్దాం. పేరు ఇవ్వొద్దు."

"పేరు లేకుండా ఎలా?" అన్నారెవరో.

ముందు వరసలో మూటల పెద్దమ్మ కూర్చుని ఉంది. డెబ్భై నాలుగేళ్ళు. ఒకప్పుడు నలభై మంది ఆడకూలీలకు మేస్త్రీ. ఆమె కర్ర నేలకు కొట్టింది.

"ఒరేయ్, మేము మూట ఎత్తే ముందు చీటీ చూసేవాళ్ళం. లోపలేముందో రాసి లేకపోతే భుజం పెట్టేవాళ్ళం కాదు. ఓడ కెప్టెన్ వచ్చి అరిచినా పెట్టేవాళ్ళం కాదు. వీళ్ళు మన భుజాన ఎత్తిన మూట మీద ఏం రాశారో ఇన్నాళ్ళూ ఎవరూ చదవలేదు. ఇప్పుడు ఈ అమ్మాయి చదివింది. ఆ డాక్టరమ్మనే ఇక్కడికి రమ్మనండి. మనం వెళ్ళొద్దు."

సంతకం పెట్టని కాగితాలు పదిహేడు వందలు కట్టకట్టి ఆసుపత్రికి తిప్పి పంపారు. వాటి మీద ఒక్క ముక్క: 'మాట్లాడి తీసుకెళ్ళండి.'

మూడో ఆదివారం పెద్ద డాక్టరమ్మ వచ్చింది. ఒంటరిగా, చేతిసంచీతో. పన్నెండేళ్ళ కింద వచ్చినప్పుడు ఆమెకు ఇంత నెరిసిన జుట్టు లేదు. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"నేనేం పాపం చేశాను?" అని మొదలుపెట్టింది, టీ తాగుతున్న చీటీలక్క అన్న వైపు చెయ్యి చూపిస్తూ. "జబ్బు ఎక్కడ ఎక్కువుందో అక్కడ వెతకడం తప్పా? మీ ఇళ్ళకి రాకుండా ఊరంతా గాలిస్తూ కూర్చుంటే ఇతను ఇవాళ టీ తాగేవాడా?"

"వచ్చినందుకు వెయ్యి దణ్ణాలమ్మా," అంది చీటీలక్క. "మీరు వచ్చి తలుపేసుకున్నారు, అదీ బాధ. లోపల మేము మిగిలాం, వేలెత్తి చూపించడానికి. బయట వాళ్ళు మిగిలారు, ఎవరూ చూడక. ఈ జబ్బు ఎక్కువున్నది కొన్ని ఇళ్ళల్లో. మా ఇంట్లో ముగ్గురికి. పక్కింట్లో మూడు తరాలుగా ఒక్కళ్ళకి లేదు. మరి వాళ్ళబ్బాయికి పడవ పని ఎందుకు పోయింది? మీరు ఇంటి పేరు రాయాల్సిన చోట జనం పేరు రాశారు."

"ఏం చెయ్యమంటావు?"

"ఎవరి చెయ్యి వణికినా ఆ పరీక్ష తెరుచుకోవాలి. మీ వాళ్ళెవరని అడగొద్దు, మీ ఇంట్లో ఎవరికేం జబ్బని అడగండి. ఇంకోటి. మా గురించి రాసింది అచ్చయ్యే ముందు మాకు చదివి వినిపించండి."

"పరిశోధన రిపోర్టు ముందే చూపించడం ఎక్కడా లేదమ్మా."

"నాలుగొందల మంది రక్తం ఇచ్చి పేరు పోగొట్టుకోవడం ఎక్కడైనా ఉందా?"

పెద్ద డాక్టరమ్మ సంచీలోంచి ఒక కాగితం తీసింది. చెప్పకుండా వెళ్ళిపోయినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ చెప్పింది.

"ఆ గడియారాలాయన కూతురి జన్యువును మళ్ళీ పరీక్ష చేయించాను. ఆ పిల్లకి లోపం ఉన్న చోట మీలో ఒక్కరికీ లేదు. మీకు వేరే చోటుంది. అంటే మీ రక్తానికీ ఆ పిల్ల రక్తానికీ ఏ సంబంధం లేదు. ఆ తల్లిని నేను అడక్కూడనిది అడిగాను. ఇంకా ఉంది. అనుమానమొచ్చి మీ పాత గొట్టాలు కూడా మళ్ళీ తీశాను. మీ అందరిదీ ఒకటే లోపం అనుకున్నాను. కాదు. నాలుగు రకాలున్నాయి. ఒక్కొక్కటీ కొన్ని ఇళ్ళల్లోనే తిరుగుతోంది." ఆమె గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగేసింది. "రేవు రక్తం అంటూ ఒకటి లేదు. నేను అనుకున్నాను, అంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పన్నెండేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఒక్క మాటకు చప్పట్లు కొట్టరు. కానీ అన్న వెళ్ళి ఆమె గ్లాసులో మంచినీళ్ళు మళ్ళీ పోశాడు. ఈసారి అచ్చయ్యే ముందు చదివి వినిపిస్తానని మాటిచ్చి వెళ్ళిందామె.

ఆసుపత్రి కంప్యూటర్లో పత్రం మారడానికి ఐదు నెలలు పట్టింది. ఏడో గడిలో జనవర్గం పోయి 'కుటుంబంలో ఎవరికైనా ఉన్న జబ్బులు' అని వచ్చింది. రాగి పరీక్ష లక్షణాలను బట్టి ఎవరికైనా తెరుచుకోసాగింది. ఆ ఏడాదిలో రేవుకు ఆమడ దూరంలోకి కూడా రానివాళ్ళు పదకొండు మంది బయటపడ్డారు. అందులో ఒకడు ఆరేళ్ళుగా మానసిక వైద్యశాలలో ఉన్నాడు. అతని విషయంలో ఆలస్యమైపోయింది. మాత్రలు జబ్బును ఆపాయి గానీ పోయిన మాటను తీసుకురాలేదు.

అన్నీ మారలేదు. బజారులో ఇప్పటికీ రేవు జబ్బనే అంటారు. పడవల కంపెనీ మీద కుర్రాళ్ళు వేసిన దావా ఇంకా నడుస్తోంది. డ్యూటీ డాక్టరుకు ప్రమోషను వచ్చింది. చీటీలక్క దుప్పట్ల గదిలోనే ఉంది. క్షమాపణ రాస్తే పాత సీటు ఇస్తామని మూడోసారి నోటీసు వచ్చింది. దాని వెనకవైపే ఒక్క వాక్యం రాసి పంపింది: "అలాంటి పిల్ల మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను." ఆ తర్వాత నాలుగో నోటీసు రాలేదు.

రెండో పరిశోధనకు రేవు వాళ్ళు పంతొమ్మిది వందల మంది రక్తమిచ్చారు. రిపోర్టు తయారయ్యాక, అచ్చుకు వెళ్ళే ముందు, మాటిచ్చినట్టే పెద్ద డాక్టరమ్మ దాన్ని హాలుకు తెచ్చింది. తేలిక మాటల్లో రాయించి మరీ తెచ్చింది. చదవడానికి ఎవరు లేస్తారా అని చూస్తుంటే గడియారాలాయన కూతురు లేచింది. తల్లీ తండ్రీ కూడా వచ్చి రెండో వరసలో కూర్చున్నారు. పిల్ల కాగితాలు పట్టుకున్న చేతిలో ఇంకా కొంచెం అదురు ఉంది. మాట మాత్రం తేటగా ఉంది.

మొదటి పేజీలోనే మూటల పెద్దమ్మ కర్ర కొట్టింది.

"ఆగు తల్లీ. ఏమన్నావ్? ఇంకోసారి చదువు."

"'రేవు జాతికి చెందిన వారిలో...'"

"డాక్టరమ్మా, మేం జాతి ఎప్పుడయ్యాం?" పెద్దమ్మ నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టు అడిగింది. "మా నాన్న కొండ దిగి వచ్చాడు. మా అమ్మ ఓడ దిగి వచ్చింది. మా ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో చచ్చేదాకా చెప్పలేదు. మూట దగ్గర కలిశాం. మాది పనమ్మా, జాతి కాదు."

హాలంతా గొల్లున నవ్వింది. పెద్ద డాక్టరమ్మ నవ్వలేదు. కాగితం తీసుకుని, కలం తీసి, 'జాతి' మీద అడ్డంగా గీత కొట్టింది.

"మరి ఏమని రాయను?"

"ఎన్ని ఇళ్ళు తిరిగావు?"

"మూడొందల అరవై రెండు."

"ఎన్నింట్లో దొరికింది?"

"పంతొమ్మిదింట్లో."

"అదే రాయి. మూడొందల అరవై రెండిళ్ళు తిరిగాను, పంతొమ్మిదింట్లో దొరికింది అని. అందులో దాచేదేముంది?"

పెద్ద డాక్టరమ్మ బల్ల మీదకు వంగి, గీత కొట్టిన చోట పైన ఆ మాటలే రాసింది. చీటీలక్క పక్కన నిలబడి, రాసింది సరిగ్గా ఉందో లేదో అక్షరం అక్షరం చూసి, కాగితాన్ని పిల్ల చేతికి తిరిగిచ్చింది.

"ఇంకెన్ని పేజీలున్నాయమ్మా?" అని అడిగింది పెద్దమ్మ.

"ముప్పై ఒకటి."

"కానీ. చదువు. ఇవాళ మాకెవరికీ వేరే పని లేదు."